సుగ్గికి పోయే ఊళ్లో పరాయివాడెవడు?

“బీహారోళ్లు వచ్చి మన పిల్లోళ్ల పని పీకేసినారప్పా.”

ఆదోనిలో ఒక టీ బంకు దగ్గర ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది. రోడ్డుకు అవతల నాలుగంతస్తుల కట్టడం లేస్తోంది. పరంజా మీద ఇనుము కడుతున్న కుర్రాళ్లు హిందీలో కేకలు వేసుకుంటున్నారు. మీ పిల్లలేం చేస్తారని అడిగాను. “ఇద్దరూ బెంగళూర్లో ఉండారు. పెద్దోడు సెంట్రింగు, చిన్నోడు పెయింటింగు” అన్నాడు. ఆయన మనసులో ఈ రెండు సంగతులూ ఎదురుపడలేదు. బీహారు నుంచి ఆదోనికి వచ్చినవాడు పని లాక్కున్నవాడు. ఆదోని నుంచి బెంగళూరు పోయినవాడు కష్టపడి బతికేవాడు.

ఆయనొక్కడి మాటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. కర్నూలు కూలీల అడ్డా మీద, కడప ఆటోస్టాండులో, ఎన్నికలప్పుడు వేదికల మీద ఇదే వినిపిస్తోంది. దీనికి రెండో ముఖం కూడా ఉంది. పత్తి తీయడానికి మనుషులు దొరకని రైతు, “మన కూలోళ్లకు ఆశ ఎక్కువైంది, ఊళ్లో పని పెట్టుకొని గుంటూరుకు పోతారు” అంటాడు. వచ్చేవాడిదీ తప్పే, పోయేవాడిదీ తప్పే. మిగిలినవాళ్లకు మాత్రం ఎవరి మీదో ఒకరి మీద కోపం దక్కుతుంది. ఈ వాదన అబద్ధమని, అది అందరికన్నా ఎక్కువగా కర్నూలు, కడప, మన ఈ రెండు జిల్లాల మనుషులకే చేటు చేస్తుందని నా నమ్మకం. నేను ఆ పోయేవాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ని.

పడమటి కర్నూలులో వలస అనేది ఆఫీసుల మాట, పేపర్ల మాట. జనం మాట సుగ్గి. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, పండగ కాలం. మాకది పక్కవాడి పంట కోయడానికి ఇల్లు వదిలే కాలం. వానాకాలం పంట ఇంటికి చేరీ చేరకముందే కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద, ఆస్పరి, దేవనకొండ మండలాల్లో వీధులకు వీధులు తాళాలు పడతాయి. బొలేరో వెనక బియ్యం మూట, జొన్నపిండి డబ్బా, టార్పాలిన్ పట్ట, నీళ్ల బిందెలు, చంటిపిల్లకు ఉయ్యాల కట్టే పాత చీర, ఒక గంపలో రెండు కోళ్లు. వాటి మీద మనుషులు. అరుగు మీద ముసలివాళ్లు, వాళ్ల ఒళ్లో బడికి పోయే వయసు పిల్లలు. మా అమ్మ రెండు సుగ్గులకు పోయింది. ఆ రెండేళ్లూ నేను అవ్వ దగ్గర ఉన్నాను. మా వీధిలో నా ఈడు పిల్లలు ముగ్గురు తల్లిదండ్రుల వెంట బండెక్కారు. వాళ్లలో ఒక్కడే మళ్లీ బడి మొహం చూశాడు. అందుకే వలస గొప్పదని చెప్పే పని నేను పెట్టుకోను. దాని ఖరీదు మా ఇంట్లో కట్టినదే. నేను తగువాడేది ఆ ఖరీదుకు ఎవరిని బాధ్యుల్ని చేస్తున్నామన్న దాని గురించి.

కొన్నేళ్ల కిందట మా ఊరివాళ్లు మిరపకోతల్లో ఉన్న చోటికి, పల్నాడు వైపు ఒక ఊరికి పోయాను. చేను గట్టున పట్టాలతో వేసిన గుడిసెలు ఇరవై దాకా ఉన్నాయి. తెల్లారకముందే ఆడవాళ్లు పొయ్యిలు ముట్టించి, రొట్టెలు కాల్చి గుడ్డలో కట్టుకొని సాళ్లలోకి దిగారు. పొద్దెక్కేసరికి చేతులు మండటం మొదలవుతుంది. ఆ చేతులతో కన్ను నలుపుకోకూడదని అయిదేళ్ల పిల్లకు తల్లి చెబుతోంది. సాయంత్రం కాటా వేసి, కాయ తూకాన్నిబట్టి లెక్క రాశారు. రోజుకూలి కాదు, కోసినదాన్నిబట్టి కూలి. మొగుడూ పెళ్లామూ పదేళ్ల పిల్లా కలిసి కోస్తే మూడు పేర్లు రాయరు, ఒక్క పేరే రాస్తారు.

ఆ ఊరి కూలి మనిషి ఒకామె బోరింగు దగ్గర కనిపించింది. నేను ఎక్కడివాణ్నో తెలియక మనసులో మాట చెప్పింది. “ఈ కర్నూలోళ్లు వచ్చాక మా కూలి పెరగట్లేదండీ. వాళ్లు ఎంతకైనా చేస్తారు. చేలోనే పడుంటారు. మమ్మల్ని పిలిచేదెవరు?”

ఆదోని టీ బంకు దగ్గర మాటే. మనుషులు మారారు, అంతే. అక్కడ పని పీకేసిన బీహారోడు మా అమ్మ.

ఆమె కోపంలో నిజం లేదని నేననను. కూలి పెరగకపోవడం నిజం. రైతు మొదట మావాళ్లనే పిలవడం నిజం. ఎందుకు పిలుస్తాడన్నది అడగాలి. మావాళ్ల చేతులు ఆమె చేతులకన్నా వడిగా కోస్తాయా? అదేం లేదు. కూలీలను తోలుకొచ్చే మేస్త్రి ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. అది తీరేదాకా కదలకూడదు. గుడిసె చేలోనే కాబట్టి పొద్దు పొడవకముందే పనిలోకి దించొచ్చు. ఊళ్లో చావు, పెళ్లి, జాతర అని మానుకోవడానికి అది వాళ్ల ఊరు కాదు. కూలి తక్కువని మొండికేస్తే ఇంటికి పోవడానికి చార్జీలుండవు. రైతుకు కలిసొచ్చింది మావాళ్లు కర్నూలువాళ్లు కావడం కాదు, కాదనలేని మనుషులు కావడం. కూలిని కిందికి లాగేది ఆ కాదనలేనితనం. దాన్ని వదిలేసి, మనిషి ఏ జిల్లా నుంచి వచ్చాడో చూసి పగబట్టడం ఈ వాదన మొదటి తప్పు.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఊళ్లో పని అనేది బావిలో నీళ్లలాంటిదని, పైవాడు ఒక బిందె తోడుకుంటే మనకు ఒక బిందె తగ్గుతుందని ఈ వాదన అనుకుంటుంది. మిరప సంగతే చూడండి. కాయ పండిందంటే కొన్ని వారాల్లో కోయాలి. మాగితే రాలుతుంది, వాన పడితే తాలవుతుంది. కోసే చేతులు బయటినుంచి రావని తెలిస్తే ఏ రైతూ అంత మిరప వేయడు. మిరప తగ్గితే ఆ ఊరి ఆడవాళ్లకు కలుపు తగ్గుతుంది, కల్లంలో తాలు ఏరే పని తగ్గుతుంది, బస్తాలు మోసే హమాలీకి గుంటూరు యార్డులో పని తగ్గుతుంది, కోల్డ్ స్టోరేజీ బోసిపోతుంది. బోరింగు దగ్గర కనిపించిన ఆమె చేసే పనిలో సగం మావాళ్లు కోస్తారన్న ధీమా మీద పుట్టిన పని. ఆ సంగతి ఆమెకు చెప్పినవాళ్లు లేరు, మాకు చెప్పినవాళ్లూ లేరు.

ఇది నా ఊహ అనుకుంటే, అమెరికా ఈ పరీక్ష నిజంగానే చేసి చూసింది. 1942 నుంచి మెక్సికో కూలీలను కోతలకు రప్పించుకునే బ్రసెరో ఒప్పందం ఒకటి అక్కడ ఉండేది. వీళ్లవల్ల మన కూలి పెరగడం లేదన్న వాదన గెలిచి 1964 చివరికి దాన్ని ఎత్తేశారు. దాదాపు 5 లక్షల మంది సుగ్గి కూలీలు లేకుండా పోయారు. స్థానికుల కూలి పెరగాలి కదా. చాలా ఏళ్ల తర్వాత మైకేల్ క్లెమెన్స్, ఏతన్ లూయిస్, హన్నా పోస్టెల్ అనే ఆర్థికవేత్తలు ఆ లెక్కలన్నీ తిరగేశారు. కూలి పెరిగిన జాడ కనబడలేదు. రైతులు టమాటా కోసే యంత్రాలు తెచ్చుకున్నారు, యంత్రం లేని పంటలు తగ్గించుకున్నారు. పనివాణ్ని తరిమితే పని మనకు మిగల్లేదు, వాడితోపాటే పోయింది.

తిరగేసిన పరీక్ష కూడా ఉంది. 1980లో క్యూబా నుంచి లక్షా పాతిక వేల మంది పడవల్లో అమెరికాకు చేరారు. ఎక్కువ మంది మయామీలోనే దిగిపోయారు. ఆ ఒక్క పట్నంలో పనిచేసే జనం నెలల్లోనే 7 శాతం పెరిగింది. డేవిడ్ కార్డ్ 1990లో రాసిన పరిశోధన ప్రకారం అక్కడి పాత కూలీల వేతనాలు, ఉద్యోగాలు దానివల్ల పెద్దగా దెబ్బతినలేదు. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. జార్జ్ బోర్హాస్ అనే మరో ఆర్థికవేత్త ఆ లెక్కను ఒప్పుకోలేదు, చదువు బాగా తక్కువున్న మగవాళ్లకు దెబ్బ తగిలిందన్నాడు. ఆ తగువు ఇంకా తెగలేదు. నేను దాన్ని దాచను, ఎందుకంటే బోర్హాస్ మాటలో మనం పట్టించుకోవాల్సిన సంగతి ఉంది. దెబ్బ తగిలితే అట్టడుగువాడికే తగులుతుంది. కర్నూలు అడ్డా మీద పార పట్టుకొని నిలబడే నడివయసు మనిషి, బయటినుంచి కుర్రాళ్లు దిగాక తనను పిలిచే రోజులు తగ్గాయంటే నేను నమ్ముతాను. అతనికి ఆసరా కావాలి. ఆ ఆసరా బీహారు కుర్రాణ్ని రైలెక్కిస్తే దొరుకుతుందా అన్నదే ప్రశ్న.

ఆ కుర్రాళ్లను కాంట్రాక్టరు ఎందుకు ఏరుకుంటాడో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు. రేకుల షెడ్డులో పది మంది. ముందే తీసుకున్న అడ్వాన్సు. తెలుగు రాదు కాబట్టి అడిగేదానికి మనిషి లేడు. పన్నెండు గంటల పని. ఉగాదికి సెలవు అక్కర్లేదు, ఛఠ్ పండక్కి అడిగినా దొరకదు. గుంటూరు చేలో మావాళ్లకు కట్టిన పలుపే ఇక్కడ వాళ్లకు కట్టారు.

ఈ పలుపు తెంచడానికి 1979లోనే కేంద్రం ఒక చట్టం తెచ్చింది. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చేదాకా అది ఉండింది. దాని ప్రకారం వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన కూలీకి అదే పని చేసే స్థానికుడితో సమానంగా వేతనం ఇవ్వాల్సి ఉండేది. ఊరు వదిలినందుకు, వచ్చిపోయే చార్జీలకు భత్యం ఇవ్వాల్సి ఉండేది. పనిచేయించే సంస్థ, తెచ్చే కాంట్రాక్టరు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాల్సి ఉండేది. ఆ సమాన వేతనమన్న ఒక్క నిబంధన కర్నూలులో, కడపలో నిజంగా అమలయి ఉంటే బయటివాడు చవక కాకుండా పోయేవాడు. వాడు చవక కాకపోతే అడ్డా మీద మన మనిషినీ పిలుస్తారు. స్థానికుడి కూలిని కాపాడే కంచె వలస కూలీ హక్కే. అయినా “స్థానికులకే పని” అని నినాదమిచ్చేవాళ్లు కార్మిక శాఖ ఆఫీసు మెట్లెక్కి, ఈ కట్టడంలో ఎంతమంది పేర్లు నమోదయ్యాయని అడగగా నేను చూడలేదు. అడిగితే కోపం కాంట్రాక్టరు మీదికి మళ్లాలి. అది కష్టం. కుర్రాడి మీద కోపం సులువు, అతనికి ఇక్కడ ఓటు లేదు.

మావాళ్లకు ఆ చట్టం కూడా లేకపోయింది. కోసిగి నుంచి పల్నాడు పోతే రాష్ట్రం మారదు. మూడు వందల కిలోమీటర్లు దాటినా చట్టం దృష్టిలో వాళ్లు వలస కూలీలు కారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు గుంటూరు మిరప చేలల్లో చిక్కుకుపోయినవాళ్లలో మా ఊరివాళ్లున్నారు. వాళ్లు ఎంతమందో, ఏ చేలో ఉన్నారో ముందుగా రాసిపెట్టిన రిజిస్టరంటూ లేదు. మేస్త్రుల ఫోన్లే దిక్కయ్యాయి.

ఇక మన శాసనసభ చేసిన పని. 2019 జులైలో, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని దేశంలో అందరికన్నా ముందు చట్టం చేసింది ఆంధ్రప్రదేశే. కడపలో, కర్నూలులో సంబరపడినవాళ్లు చాలామంది. ఆ తర్వాత హర్యానా అదే దారి పట్టింది. పంజాబ్, హర్యానా హైకోర్టు 2023 నవంబరులో ఆ చట్టాన్ని కొట్టేసింది. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ఇలాంటి బిల్లుకే ఆమోదం తెలిపింది. మేనేజరు స్థాయిలో సగం, కింది ఉద్యోగాల్లో 70 శాతం కన్నడిగులకే. పరిశ్రమల నుంచి గగ్గోలు పుట్టి రెండు మూడు రోజుల్లోనే పక్కన పెట్టారు. పెట్టకపోయుంటే? ఆదోనికి, ఆలూరుకు, పత్తికొండకు బతుకుదెరువు చూపించే మొదటి పట్నం బెంగళూరు. ఆ టీ బంకు పెద్దాయన కొడుకులు ఏ గీతకు అవతల పడతారు? మనం ఇక్కడ గీత గీస్తే పక్క రాష్ట్రం అక్కడ గీస్తుంది. ఎక్కువ మందిని బయటికి పంపే జిల్లాలు ఏవైతే, ఈ గీతల పందెంలో మొదట ఓడేవి అవే.

ఒక మాట మాత్రం వేరు చేసి చెప్పాలి. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నుంచి సీమ అడుగుతున్న వాటా, నీళ్లలో, సర్కారు కొలువుల్లో, రాజధానిలో న్యాయమైన వాటా, అది ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు. దాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. పరంజా మీద కుర్రాణ్ని దించమనడం ఆ హక్కు కాదు. ఆ రెండింటినీ ఒకే గొంతుతో పలికి మొదటిదాన్ని పలచన చేస్తున్నారు.

కడప వైపు రండి. రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు, చిట్వేలు వీధుల్లో కువైట్ మనిషి లేని వరస దొరకడం కష్టం. మగవాళ్లు డ్రైవర్లుగా, దుకాణాల్లో, కట్టడాల్లో. ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి. అక్కడ వాళ్లను ఖద్దామా అంటారు, ఆ మాట ఇప్పుడు మన పల్లెల్లో కూడా తెలుగైపోయింది. ఇంటిపనివాళ్లకు కువైట్ నిర్ణయించిన కనీస జీతం నెలకు 60 దీనార్లు. ఆ దీనార్లే ఇక్కడ మిద్దెలయ్యాయి, ఆడపిల్లల చదువులయ్యాయి, బోరుబావులయ్యాయి, తాకట్టులో ఉన్న చీనీతోటకు విడుదలయ్యాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమిస్తే లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయుల్ని విమానాల్లో తెచ్చారు. కట్టుబట్టలతో దిగినవాళ్లు మళ్లీ అక్కడికే పోయారు. ఇక్కడ వాళ్లకు మనం చూపించిన పని ఏమీ లేదు గనుక.

2020 జులైలో కువైట్ పార్లమెంటు కమిటీ ఒకటి, పరాయి దేశాలవాళ్లు ఎక్కువైపోయారని ఒక ముసాయిదాకు పచ్చజెండా ఊపింది. భారతీయులు ఆ దేశ జనాభాలో 15 శాతం మించకూడదని. అది అమలయితే 8 లక్షల మంది దాకా తిరిగి రావాల్సి వస్తుందని పేపర్లు రాశాయి. ఆ వారం రాయచోటిలో ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో అక్కడివాళ్లనడగండి. అన్నంత పని జరగలేదు కానీ, ఆ సభలో వినిపించిన వాదన మనకు కొత్తది కాదు. వీళ్లవల్ల మన పిల్లలకు ఉద్యోగాల్లేవు, మన ఆసుపత్రుల్లో రద్దీ, మన ఊరు మనది కాకుండా పోయింది. కువైట్ పౌరుల్లో ఎక్కువ మంది ప్రభుత్వ జీతాల మీద బతుకుతారు. వంటింట్లో, కారు స్టీరింగు దగ్గర, నడివేసవి కాంక్రీటు మీద ఉన్నది మనవాళ్లు. వాళ్లను పంపేస్తే ఏ కువైటీ వచ్చి ఆ గిన్నె తోముతాడు? ఈ ప్రశ్న మనకు ఎంత తేలిగ్గా తోచిందో, కడపలో ఉత్తరాది కుర్రాడి గురించి అంత తేలిగ్గా ఎందుకు తోచడం లేదు?

కేరళ ఈ దారిలో మనకన్నా ముందు నడిచింది. గల్ఫ్‌కు లక్షల మందిని పంపింది, ఆ డబ్బుతో కట్టుకునే ఇళ్లకు బెంగాల్, ఒడిశా, అస్సాం నుంచి కూలీలు దిగారు. 2013లో ఆ రాష్ట్రపు గులాటీ ఇన్‌స్టిట్యూట్ అధ్యయనం వాళ్లను 25 లక్షలని లెక్కగట్టింది. అక్కడా చిరాకులున్నాయి, దాడులూ జరిగాయి. కానీ ప్రభుత్వం వాళ్లను అతిథి కార్మికులని పిలిచి, 2017లో ఆవాజ్ పేరుతో ఆరోగ్య బీమా పెట్టింది. అంతమంది దిగాక కూడా కూలి ఎక్కువ ఇచ్చే రాష్ట్రాల్లో కేరళ ముందే ఉంది. బయటివాళ్లు రావడమే కూలిని చంపేదైతే కేరళలో కూలి ఎప్పుడో చచ్చిపోవాలి.

మరి ఉద్యోగాలు ఏమయ్యాయి? కడపలో ఈ ప్రశ్నకు జవాబు రాళ్ల మీద చెక్కి ఉంది. 2007 జూన్‌లో జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన. 2014 విభజన చట్టంలో కడప ఉక్కు పరిశ్రమ సాధ్యతను ఆరు నెలల్లో చూడమన్న మాట. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నెలో ఇంకో శంకుస్థాపన. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లెలో మరొకటి. 2023 ఫిబ్రవరిలో అదే ఊళ్లో మళ్లీ పూజ. నాలుగు శంకుస్థాపనలు దాటినా ఇప్పటిదాకా ఒక్క టన్ను ఉక్కు బయటికి రాలేదు. 2007లో పుట్టిన పిల్లవాడు ఈపాటికి ఐటీఐ ముగించి రోడ్డు మీదుంటాడు. అతని ఉద్యోగం ఎవడూ ఎత్తుకుపోలేదు, అది రానేలేదు. చెన్నూరు చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. 1938లో మాచాని సోమప్ప పెట్టిన ఎమ్మిగనూరు చేనేత సంఘం ఒకప్పుడు దేశానికి పేరు తెచ్చింది. ఇప్పుడు ఆ మగ్గాల పిల్లలు బెంగళూరు సెక్యూరిటీ గదుల్లో ఉన్నారు. వీటిలో ఏ తాళమూ బీహారువాడు వేసింది కాదు.

వలస రెండు రకాలు. చేతులతో వచ్చేది ఒకటి, పెట్టుబడితో వచ్చేది ఇంకొకటి. తుంగభద్ర కాలువలు పారాక కోస్తా రైతులు ఇటు సిరుగుప్ప, గంగావతి, సింధనూరు వైపు దిగి క్యాంపులు కట్టుకున్నారు. స్థానికులు నీటి విలువ తెలియని రోజుల్లో భూమి చవగ్గా అమ్ముకున్నారు. ఈవేళ ఆ క్యాంపుల్లో వరినాట్లకు పోయే కూలీల్లో మావాళ్లున్నారు. మరి వాళ్లవల్ల వరి వచ్చింది, మిల్లులొచ్చాయి, పని పుట్టింది, అదీ నిజమే. నేను వాళ్లనూ తప్పుబట్టను. గమనించమనేది ఒక్కటే, భూమి చేతులు మారిన ఆ వలస మీద లేని కోపం, ఇటుక మోసే వలస మీద ఉంది. గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017కు పూర్తయింది. వేల ఎకరాలు. కట్టేటప్పుడు కొన్నాళ్లు పని, కట్టాక పలకలు తుడిచేందుకు, కాపలాకు కొద్దిమంది. ఆ కంపెనీలూ బయటివే. వాటి ముందు నిలబడి మన పని పీకేశారని ఎవరూ అనరు.

ఇక “ఆశకు పోతారు” అన్న నింద. 1876-78 కరువులో కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయిందని అప్పటి జనాభా లెక్కలు చెబుతాయి. ఈ నేల మీద మనిషి కదలడానికి కారణం అప్పటికీ ఇప్పటికీ ఒకటే. తుంగభద్ర దిగువ కాలువలో మనకు 24 టీఎంసీల వాటా ఉందంటారు. అది కర్ణాటక దాటి వచ్చేసరికి చివరి తూముల దగ్గర అడుగు తడుస్తుందో లేదో ఆయకట్టు రైతును అడగాలి. వేదావతి ఎత్తిపోతల, గుండ్రేవుల జలాశయం పేర్లు విని విని ముసలివాళ్లయినవాళ్లున్నారు. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన పక్కనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అది నిలబెట్టిన కుటుంబాలు ఎన్నో నాకు తెలుసు. కానీ 2025-26లో మన రాష్ట్రంలో దాని కూలి రోజుకు 307 రూపాయలు. అదీ కొలతల ప్రకారం. ఆ డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియదు. మేస్త్రి అడ్వాన్సు మాత్రం ఈ రాత్రే చేతిలో పడుతుంది. బిడ్డ పెళ్లి అప్పుకు వడ్డీ కట్టాల్సిన మనిషి ఆ రెండింటిలో ఏది తీసుకుంటుంది? దాన్ని ఆశ అంటే, ఆశ లేనివాళ్లు ఈ జిల్లాలో ఎవరున్నారో చూపించండి. ఊళ్లో పత్తి తీయడానికి మనిషి దొరకలేదనే రైతు కష్టం కూడా కష్టమే. కానీ అతను పిలిచేది పది రోజులకు. మిగిలిన నెలలకు ఆమెకు కూడు పెట్టేదెవరు?

రాయచోటిలో నాకు తెలిసిన ఒక ఇల్లు లేస్తోంది. దాని యజమానురాలు పదకొండేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తోంది. పునాదులు తీసింది ఈ ఊరివాళ్లే, గోడలు లేపింది ఊరి బేల్దార్లే. టైల్స్ వేస్తున్నది మాత్రం బీహారులోని దర్భంగా నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల కుర్రాడు. సిమెంటు, ఇసుక, టైల్స్ అమ్మింది ఈ ఊరి దుకాణాలు. కుర్రాడు వారానికోసారి బియ్యం, ఆలుగడ్డ కొనేది ఎదురింటి చిల్లర కొట్లో. ఆ కొట్టు ముసలాయనకు నాలుగు హిందీ మాటలు వచ్చాయి. వీళ్లు వచ్చి పని పీకేశారని ఆ వీధిలో అనేవాళ్లున్నారు. ఆమె తమ్ముడే ఒకరోజు నాతో అన్నాడు.

అదే సాయంత్రం ఆమె వీడియో కాల్ చేసింది. అక్కడ వంటింట్లో పని ముగిశాక ఆమెకు దొరికే అరగంట అది. తమ్ముడు ఫోన్ తిప్పి హాలు, పూజగది, మెట్లు చూపించాడు. టైల్స్ రంగు బాగుందంది. మూలన కూర్చొని టైల్ కోస్తున్న కుర్రాడు తెర మీదికి వచ్చాడు. ఫోన్ అక్కడే ఆపమంది. అక్కడ సాటి పనివాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీలో అతన్ని అడిగింది, “ఖానా ఖాయా, బేటా?” కుర్రాడు మిషను ఆపి, చెయ్యి తుడుచుకొని, లేచి నిలబడ్డాడు. ఇంకా లేదన్నాడు. ఆమె తమ్ముణ్ని పిలిచి తెలుగులో గట్టిగానే అరిచింది. “ఏడు దాటిందంట గదరా. ఇంటికి తీస్కపోయి ముందు వానికి అన్నం పెట్టు.”